నోరు విప్పించే పాచిక

"పాచిక వెయ్యి అక్కా. పధ్నాలుగు దాటితే నోరు విప్పవు. దాటకపోతే కొండ మీద దాక్కున్నవాళ్ళ ఆచూకీ చెప్పేస్తావు," అన్నాడు తమ్ముడు.

అక్క పాచిక ముట్టుకోలేదు.

అక్క, బావ, తమ్ముడు, ముగ్గురూ పనిచేసేది ఒకే నూలు మిల్లులో. ఆదివారం మధ్యాహ్నం అక్కావాళ్ళ వంటగదిలో తలుపేసుకుని కార్మిక సంఘం పెట్టే పని చూసుకుంటారు. యాజమాన్యానికి తెలిసిందా, బతుకులు రోడ్డున పడ్డట్టే. అందుకే బల్ల మీద ఆట పరిచి ఉంచుతారు, ఎవరైనా తలుపు తడితే చూపించడానికి. ఆడగా ఆడగా ఆ ఆట నిజంగానే పట్టుకుంది. తలా ఒక పాత్రయి కథలా ఆడే ఆట అది, కథ నడిపేది తమ్ముడు. అక్క తిరుగుబాటు నాయకురాలు, బావ ఆమె అనుచరుడు. తలపెట్టిన పని అవుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మంత్రాలూ మాయలూ లేవు.

ఇవాళ నాయకురాలు రాజుగారి చెరలో ఉంది. మనోబలానికీ పాచిక వెయ్యాలని కొత్తగా పట్టుబట్టాడు తమ్ముడు.

"గోడ దూకగలనో లేదో పాచికని చెప్పనీ. నావాళ్ళని పట్టిస్తానో లేదో చెప్పాల్సింది నేను. ఈ ప్లాస్టిక్ ముక్క ఎవరు?" అంది అక్క.

బావకు నవ్వాగలేదు. చేతబడి చేశారంటే సరే, ఊరికే బెదిరిస్తే వాగేసేవాళ్ళు తిరుగుబాటేం చేస్తారన్నాడు. బావమరిది కథలో మనుషులంతా వానకు తడిసిన అట్టపెట్టెలన్నాడు. మీ అక్క నోరు మూయించే పాచిక ఎక్కడైనా దొరికితే చెప్పు, రెండు కొంటానన్నాడు.

తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. భయానికి మంత్రం అక్కర్లేదన్నాడు. ఎంతటి మొనగాడికైనా మనసు మాట వినని క్షణం ఒకటుంటుందని గొంతు చించుకున్నాడు.

"కొరడాలు విరిగేదాకా కొట్టించు. నా నాయకురాలు చెప్పదు," అంది అక్క.

తమ్ముడే పాచిక లాక్కుని విసిరాడు. మూడు పడింది.

"చెప్పేశావు."

"నీ పాచిక చెప్పింది. నేను చెప్పలేదు."

"అదే అక్కా నేననేది. తప్పు పాచికది, మనిషిది కాదు. ఒక్కసారి ఒప్పుకో."

"పిరికిసన్నాసులకి బాగా పనికొస్తుందిరా నీ పాచిక," అంటూ అక్క దాన్ని వేలితో బల్ల కిందికి తోసేసింది.

తమ్ముడు వంగి, మోకాళ్ళ మీద వెతుక్కున్నాడు.

నిన్న మిల్లు మేనేజరు తనని పిలిచి కుర్చీ చూపించి, కాఫీ తెప్పించి, సంఘం పెడుతున్నది ఎవరని మర్యాదగా అడిగితే, కప్పు ఖాళీ కాకముందే అక్క పేరూ బావ పేరూ చెప్పేసి వచ్చాడు.