మొదటి గుక్క

అమెరికావాడెవడో బ్రెక్కె వాళ్ళ గిన్నె పట్టుకుపోవడానికి వస్తున్నాడట. పోస్టాఫీసులో పనిచేసే పిల్ల, వాగు అవతల హౌగెన్ పొలంలో ఉండే బొర్గిల్డ్ ముసలమ్మతో అందట. ఆ మాట కడుపులో దాచుకోలేక ముసలమ్మ చెక్కవంతెన దాటి, ఎనభయ్యేళ్ళ మోకాళ్ళతో ఏటవాలు ఎక్కి వచ్చి మరీ బ్రెక్కె ఇంటి గున్వోర్ చెవిన వేసింది.

"దాచెయ్యవే అమ్మాయ్! వాడి ఇంటిపేరు కూడా బ్రెక్కేనట. తాతలనాటి సొత్తంటాడు. నువ్వు కళ్ళు నులుముకునేలోగా సముద్రం దాటించేస్తాడు."

చెక్కలో తొలిచిన ఎర్రరంగు గిన్నె అది. అంచు చుట్టూ 'బ్రెక్కె, 1812' అని పసుపురంగు అక్షరాలు. క్రిస్మస్‌కి అందులో ఇంట్లో కాచిన బీరు పోస్తే చేతులు మారుతూ బల్లంతా తిరుగుతుంది. "పెద్దదాన్ని, ముందు నాకివ్వండి" అంటూ మొదటి గుక్క ఎప్పుడూ బొర్గిల్డే లాక్కుంటుంది. ఏళ్ళ తరబడి అంతే. ఆ గిన్నె పోతే ఇక ఆ ఇంటికి పండగెక్కడిది? గున్వోర్ దాన్ని తీసుకెళ్ళి పిండిడబ్బాలో పాతిపెట్టి, మూత బిగించింది.

మర్నాడు మధ్యాహ్నం అతను రానే వచ్చాడు. పేరు విల్మర్ బ్రెక్కె, ఊరు మిన్నెసోటా. అరవై దాటిన మనిషి, చంకలో చాపలా చుట్టిన వంశవృక్షం. ఆరబెట్టిన గడ్డి వరసల మధ్య టోపీ చేతబట్టుకుని నడిచొచ్చి, "చెల్లెమ్మా!" అన్నాడు. మాట్లాడేది నార్వే భాషే గాని, అచ్చం చచ్చిపోయిన నాయనమ్మలు మాట్లాడినట్టుంది. బొర్గిల్డ్ అప్పటికే కాఫీ కప్పుతో బల్ల దగ్గర తిష్ఠ వేసింది. ఇలాంటి తమాషా ఆమె వదులుకుంటుందా!

"మా తాత ఊలె ఈ ఇంట్లోంచే వచ్చాడమ్మా. పండక్కి ఎర్రగిన్నెలో తాగేవాళ్ళమని చెప్పీ చెప్పీ పోయాడు" అన్నాడు విల్మర్.

"ఏ గిన్నె?" అంది గున్వోర్.

"అంచు మీద మన ఇంటిపేరు ఉంటుందట."

'మన' అనేసరికి గున్వోర్‌కి ఒళ్ళు మండింది. లేచి అలమరలోంచి ఊరిపుస్తకం దించింది. ఆ లోయలో ప్రతి ఇంటా ఉండేదే. ఏ పొలంలో ఎవరుండేవారో, ఎవరు కొన్నారో, పొలానికో అధ్యాయం. బ్రెక్కె అధ్యాయం వేలిముద్రలతో నల్లబడిపోయింది. మిగతా పేజీలు అచ్చొత్తిన నాటిలాగే ఉన్నాయి.

"ఇదిగో, మీ ఊలె. రెండేళ్ళున్నాడు. ఏమని రాసుందో చదవండి."

విల్మర్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "పాలేరు... అని."

"అదీ సంగతి! మా దగ్గర ఇంటిపేరు మనిషిది కాదు, పొలానిది. ఎక్కడుంటే ఆ పేరు. ఓడెక్కే రోజున ఇక్కడున్నాడు కాబట్టి బ్రెక్కె అయ్యాడు. కింది లూండే పొలంలో పనికి కుదిరుంటే ఈపాటికి మీరంతా లూండే వాళ్ళు." గున్వోర్ గెలిచినదానిలా చేతులు కట్టుకుంది.

విల్మర్ తన చాపచుట్ట వంక చూసుకున్నాడు. "నూట ఎనభైమందిమి ఏటా బ్రెక్కె పేరున విందు చేసుకుంటామమ్మా. టోపీల మీద కూడా కుట్టించుకున్నాం. ఇప్పుడు వెళ్ళి ఏం చెప్పను?" అని, తనలో తనే నవ్వుకుంటూ వేలు కిందికి జరిపాడు. "మరి ఇదెవరు? '1893లో పొలం కొన్నది కొండ అవతలి ఎండ్రే నెస్.'"

కట్టుకున్న చేతులు జారాయి. "మా తాత."

"అంటే మీరూ..."

"ఆఁ. మేమూ నిన్నటిదాకా నెస్ వాళ్ళమే."

"మరి గిన్నె?"

"అటక మీద దొరికిందట" అంది గున్వోర్. అని తనూ ఆపుకోలేక నవ్వేసింది. వెళ్ళి పిండిలోంచి గిన్నె తవ్వి తీసి బల్ల మీద పెట్టింది. దొరకదనుకున్నదాన్ని ముట్టుకున్నట్టు విల్మర్ దాని అంచుమీద వేలు రాశాడు.

"ఒక్క గుక్క తాగి వెళ్దామనే వచ్చాను చెల్లెమ్మా. పట్టుకుపోతానని ఎవరన్నారు?"

గున్వోర్ బొర్గిల్డ్ వైపు చూసింది. బొర్గిల్డ్ కాఫీలోకి చూసుకుంది.

గడ్డికోతలకని కాచిన బీరు ఉండనే ఉంది. గున్వోర్ కూజా తెచ్చింది. "అసలు బ్రెక్కె వాళ్ళు ఏమయ్యారో పాపం" అన్నాడు విల్మర్. "న్యాయానికి ఇది వాళ్ళది కదా."

"అమ్ముకుని వెళ్ళిపోయారని ఉంది. ఎక్కడికి వెళ్ళిందీ ఆ కొత్త పొలం అధ్యాయంలో ఉంటుంది. పక్కవాళ్ళ పేజీలు ఎవరు తిప్పారు గనక!"

"రెండువందల పదకొండు" అంది బొర్గిల్డ్.

ఇద్దరూ అటు తిరిగారు. ముసలమ్మ శాలువా కొంగుతో గిన్నెకంటిన పిండి తుడుస్తోంది. "హౌగెన్ పేజీ. మా తాత పుట్టింది ఈ ఇంట్లోనే. పొలం అమ్మేసి వాగు దాటాడు, హౌగెన్ వాడయ్యాడు. చేతులు ఖాళీ లేక గిన్నె అటక మీద ఉండిపోయింది."

గున్వోర్ చేతిలో కూజా గాల్లోనే ఆగింది. "మరి ఇన్నేళ్ళుగా ఒక్కమాటైనా అడగలేదేం పెద్దమ్మా?"

బొర్గిల్డ్ గిన్నెని రెండు చేతులా కూజా కిందికి జరిపింది.

"ఏటా నేను మొదటి గుక్క తాగాకే కదా మీరు తాగుతోంది? నా గిన్నెలో తాగడానికి మీరు నన్నడగాలి గానీ, మిమ్మల్ని నేనేం అడగాలే?"