దాక్కునే మనిషి

"నేను దాక్కోనా అమ్మాయ్?"

కంచె అవతలి నుంచి వచ్చిన మాటకి టీచరమ్మ తల తిప్పి చూసింది. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఖాళీ సంచీ.

టీచరమ్మ అంటే బడి పంతులమ్మ కాదు. కూలిన ఇళ్ల కింద చిక్కుకున్న మనుషుల్ని వాసన పట్టి వెతికే కుక్కలకి పాఠాలు చెప్పే టీచరమ్మ. ప్రస్తుతం ఆవిడకున్నది ఒక్కటే శిష్యురాలు, ఐదు నెలల కుక్కపిల్ల. ఉన్నచోట ఉండకుండా గిరగిరా తిరుగుతుందని దానికి బొంగరం అని పేరు పెట్టుకుంది.

ఆ రోజు డ్రమ్ములో దాక్కోవాల్సిన మనిషి డుమ్మా కొట్టాడు. ఎవరు మాత్రం వస్తారు? ఎండలో ప్లాస్టిక్ డ్రమ్ములో దూరి, కుక్కపిల్ల వచ్చేదాకా కిక్కురుమనకుండా కూర్చోవాలి. జీతం భత్యం లేని పని.

"మూత వేస్తాను బాబాయ్ గారూ. గాలికి కన్నాలున్నాయి గానీ లోపలంతా చీకటి."

ఆయన డ్రమ్ము వంక కాసేపు చూశాడు.

"నువ్విక్కడే ఉంటావుగా?"

"ఎక్కడికి పోతాను?"

"అయితే సరే."

టీచరమ్మ ఆయన చేతిలో ఉడికించిన మాంసం ముక్కలు, ఒక తాడు బొమ్మ పెట్టింది.

"అరచెయ్యి చూపిస్తే ముక్కు ఆనించడం నేర్పాను. తర్వాత మూతకి ఆనించడం. ఇప్పుడు ముక్కు ఆనించి మొరగాలి. మొరిగితేనే మూత తోసి బయటికి రండి. ముక్క పెట్టి, తాడు అందించి, బాగా ఆడించండి."

"నువ్వు పెట్టవా?"

"దొరికిన మనిషే పెట్టాలి. అప్పుడే మనిషిని వెతకడమంటే దానికి సరదా పుడుతుంది."

బొంగరం మూడుసార్లు ఖాళీ డ్రమ్ముల చుట్టూ తిరిగింది. నాలుగోసారి సరైన మూతకి ముక్కు ఆనించి "భౌ" అంది.

ఆయన బయటికొచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. ముందు మూతని దూరంగా నెట్టేశాడు. తర్వాత కింద కూలబడి, కుక్కపిల్ల లాగుతుంటే తాను లాగుతూ చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఏంటి బాబాయ్ గారూ, లోపల స్నానం కానిచ్చారా?"

"ఉక్కపోత తల్లీ."

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. నెల తిరిగేసరికి అందరికీ డ్రమ్ము బాబాయ్ అయిపోయాడు.

"ఇంట్లో ఎవరూ ఎదురుచూడరా మీ కోసం?" అని ఓ రోజు టీచరమ్మ అడిగింది.

"ఎవరున్నారు? ఇక్కడైతే నన్ను వెతుక్కుంటూ ఒకరొస్తారు."

ఆ మాటకి టీచరమ్మ గుండె కలుక్కుమంది. తనదీ అదే బతుకు. ఒక్క గది, ఒక్క కంచం. బొంగరం పరీక్ష నెగ్గితే తనతోనే ఉండిపోతుంది. తప్పితే ఎవరింటికో పెంపకానికి పంపేస్తారు. ఇంతకు ముందు రెండు కుక్కపిల్లలు అలాగే పోయాయి. అవి పోయాక గదిలో మాట్లాడటానికి గోడలు తప్ప ఏమీ మిగల్లేదు.

పరీక్ష పది రోజులుందనగా, ఎందుకైనా మంచిదని పాలవాణ్ణి బతిమాలి డ్రమ్ములో కూర్చోబెట్టింది.

బొంగరం ఆ డ్రమ్ము పక్కనుంచే పోయింది. ఆగలేదు. తిన్నగా కంచె దగ్గరికెళ్లి, బయట నిలబడ్డ డ్రమ్ము బాబాయిని చూసి తోకాడించింది.

టీచరమ్మకి కాళ్ల కింద భూమి కదిలింది. కుక్క నేర్చుకున్నది మనిషిని వెతకడం కాదు, ఈ ఒక్క మనిషిని వెతకడం!

దాక్కునే మనిషిని మారుస్తూ ఉండాలన్నది ఈ పనిలో ఓనమాలు. మనుషుల కోసం తిరగలేక, అడక్కుండా వచ్చినాయన్నే రోజూ కూర్చోబెట్టింది. తప్పు తనదే. కోపం మాత్రం ఆయన మీదికి పోయింది.

"రేపట్నుంచి రావద్దు బాబాయ్ గారూ. మీకేం, ఊసుపోక వస్తారు. ఇక్కడ నా బతుకు తెల్లారేలా ఉంది."

"కంచె అవతల నిలబడి చూస్తానమ్మా."

"మీ వాసన తగిలినా చాలు, చెడిపోతుంది. వద్దంటే వద్దు."

ఆయన వంగి అరచెయ్యి చూపించాడు. బొంగరం ముక్కు ఆనించింది. దాని తల నిమిరి వెళ్లిపోయాడు.

ఆ పది రోజులూ టీచరమ్మ కనిపించిన వాడినల్లా పట్టుకుని కాళ్లావేళ్లా పడింది. పాలవాడు, దర్జీ, తాపీమేస్త్రీ, ఆఖరికి కరెంటు మీటరు చూడ్డానికొచ్చినతను కూడా డ్రమ్ములో కూర్చున్నాడు.

బొంగరం పరీక్ష నెగ్గింది. ముగ్గురు కొత్త మనుషుల్ని చిటికెలో పట్టేసింది.

టీచరమ్మ దాన్ని వాటేసుకుని ఏడ్చింది. ఏడుపు మధ్యలో బాబాయ్ గుర్తొచ్చాడు. వెళ్లి తప్పయిందని చెప్పాలి. కానీ ఏ మొహం పెట్టుకుని? ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అనుకుంటూ మూడు వారాలు నెట్టింది.

చివరికి వాకబు చేసి, బొంగరాన్ని తీసుకుని వెళ్లింది.

ఇంటికి తాళం వేసుంది. బొంగరం తలుపుకి ముక్కు ఆనించి మొరిగింది. కాసేపు చూసి మళ్లీ మొరిగింది.

ఆ చప్పుడుకి పక్కింటావిడ బయటికొచ్చింది.

"ఆయన పోయి పదిహేను రోజులైందమ్మా. నిద్రలోనే పోయారు. మీరేమవుతారు?"

టీచరమ్మ బొంగరాన్ని తలుపు దగ్గర్నుంచి వెనక్కి లాక్కుంది.

"ఏమీ అవనండీ. ఈ కుక్కపిల్లకి వెతకడం నేర్పేటప్పుడు, రోజూ డ్రమ్ములో దాక్కునేవారు."

"డ్రమ్ములోనా? మూత వేసుకునా?"

"అవునండీ."

"చాల్లెండి, మీరు ఇంకెవర్నో చూసి ఈయననుకుంటున్నారు," అంది పక్కింటావిడ. "తొమ్మిదేళ్ల కిందట మేడ కూలి, చనిపోయిన భార్య పక్కన రెండు రోజులు చీకట్లో పడుంటే, కుక్క వచ్చి కనిపెట్టిందమ్మా ఆయన్ని. ఆ రోజు నుంచి పోయేదాకా స్నానాల గది తలుపు కూడా వేసుకుని ఎరగరు."