జానెడు ఖాళీ దారం

పలకరించే దిక్కు లేక పదకొండు రోజులు ఆసుపత్రిలో పడుండి, ధనుంజయ నేరుగా బోటింగు చెరువుకే వచ్చాడు. నీళ్ల మీద ఒక్క బాతూ లేదు.

"అన్నీ ఉత్తరానికి పోయినాయన్నా. మళ్లా చలికాలానికే," అంది బజ్జీల బండి అంజనమ్మ.

మగ్గం మానేసినా ధనుంజయకు లెక్కంతా దారంతోనే. చలికి బాతులు, ఎండలకు నీటికాకులు, వానలకు కొంగలు. ఏ పిట్టలైనా పదింటికొక ముడి.

అంజనమ్మ బండి కమ్మీకున్న ఎర్రదారం విప్పింది. "నిన్ను సూసే నేర్చుకుంటి. నువ్వొచ్చిన దినానికొక ముడి, రాని దినానికి రవ్వంత ఖాళీ. ఈడ సూడు, జానెడు ఊరికే ఉండాది. ఇన్ని దినాలు యాడికి పోయినావన్నా?"

అతను ఆ జానెడు దారాన్ని వేళ్లతో తడిమాడు.

"సరేలే, ఈ దినం ముడి నువ్వే ఎయ్యి."

తెగిన పోగుల్ని చూడకుండానే అతికిన ఆ వేళ్లకు, ఆ ఒక్క ముడి ఎంతకీ పడలేదు.