జరీ చిలకలు

"ఉయ్యాలకి కడతావని తెచ్చానమ్మా."

గడప బయటే నిలబడి, సంచిలోంచి చిలకల గుత్తి తీసింది తెరేసమ్మ.

పాత ప్లాస్టిక్ గాజుకి దారాలతో వేలాడదీసిన గుడ్డ చిలకలు. కళ్ళకు చొక్కా గుండీలు.

రేణుక విసుగ్గానే అందుకుంది. బుడమేరు వరద తీసి రెండు నెలలు దాటినా, సింగ్‌నగర్‌లోని ఆ ఇంటి గోడలకు ఇంకా చెమ్మ ఆరలేదు. బాబు అప్పుడే నిద్రపోయాడు.

పేరు తెరేసమ్మ అని తప్ప, ఈ పెద్దావిడ ఎవరో రేణుకకు తెలియదు. వరద తర్వాత ఒకరోజు మంచినీళ్ళు అడుగుతూ వచ్చింది. అప్పటినుంచీ వస్తూనే ఉంది. ఓసారి తుప్పు వదిలించిన పాలడబ్బాకి ఊలు చుట్టి పూలకుండీ చేసి తెచ్చింది. ఇంకోసారి పగిలిన కప్పుల ముక్కలు అతికించిన పలక. డబ్బులిస్తే తీసుకోదు. గుమ్మంలో కూర్చుని, కాసేపు బాబు వంక చూసి వెళ్ళిపోతుంది.

"ఇవన్నీ ఎక్కడివి మామ్మగారూ?" అని ముందోసారి అడిగింది రేణుక.

"వరదకి పాడైనవన్నీ వీధుల్లో గుట్టలు పోశారు గదమ్మా, అవే. పారేసినవి చూస్తే నా చేతులు ఊరుకోవు. ఉడుకునీళ్ళలో శుభ్రంగా కడిగాకే చేస్తాలే."

ఈరోజు చిలకల్ని వెలుతురులో పెట్టి చూసిన రేణుక మొహం మారిపోయింది.

చిలకల రెక్కలు మెరూన్ రంగు. మీద మామిడిపిందెల జరీ.

పెడనలో నాన్న తన మగ్గం మీద నేసిన పెళ్ళిచీర అది. ఆ నాన్న ఇప్పుడు లేడు. ఆ చీర రోజుల తరబడి బురదలో నాని, ఎన్నిసార్లు జాడించినా కంపు పోకపోతే, ఏడ్చుకుంటూ తనే వీధిలో పడేసింది.

"ఈ గుడ్డ మీకెక్కడిది?"

"మీ ఇంటి ముందే దొరికిందమ్మా. అంచు ఒక్కటే మిగిలింది. ఆ పనితనం చూస్తే వదలబుద్ధి కాలేదు."

"అందుకని ముక్కలు చేస్తారా? మా నాన్న నేసిన చీర అది! ఎవరు ముట్టుకోమన్నారు మిమ్మల్ని?"

"తెలీదమ్మా... పారేశారు గదా అని..."

"మేం సర్వం పోయి ఏడుస్తుంటే మీకు బొమ్మలాటగా ఉందా? పోగొట్టుకున్నవాళ్ళ బాధ మీకేం తెలుసు!"



అరుపులకి బాబు లేచి గుక్కపట్టాడు. తెరేసమ్మ ఓ అడుగు ముందుకేసింది.

"ఒక్కసారి ఎత్తుకోనా అమ్మా?"

"వద్దు! బాబుని ముట్టుకోకండి. ఇంకెప్పుడూ మా ఇంటికి రాకండి."

రేణుక విసిరిన చిలకల గుత్తి వాకిట్లో పడింది. తెరేసమ్మ వంగి తీసుకుని, దుమ్ము దులిపి, సంచిలో పెట్టుకుంది.

"తప్పయిందమ్మా. బాబు జాగ్రత్త."

మళ్ళీ రాలేదు.

సాయంత్రానికే రేణుక కోపం చల్లారింది. అనకుండా ఉండాల్సింది అనుకుంది. ఎక్కడుంటుందో తెలిస్తే కదా వెళ్ళడానికి!

ఏడాది తిరిగింది. బాబు అడుగులు వేస్తున్నాడు.

ఒకరోజు పటమట నుంచి ఇంటికి ఆటోలో వస్తుంటే, డ్రైవర్ అద్దంలోంచి రెండుమూడుసార్లు చూశాడు.

"మీది సింగ్‌నగర్ కదండీ? వరదలో మిమ్మల్ని పడవలో తీసుకొచ్చింది నేనేనండీ. జయపాల్."

రేణుక గబుక్కున చేతులు జోడించింది.

"అప్పుడు చేటలో పట్టేంత ఉన్నాడండీ బాబు! ఇప్పుడు చూస్తే తెరేసమ్మగారు ఎంత మురిసిపోయేవారో."

"ఆవిడ మీకు తెలుసా?"

"ఆవిడకి మీ ఇల్లు చూపించింది నేనేనండీ."

"ఎక్కడుంటారు? నన్ను తీసుకెళ్ళరా? ఒక మాట తూలాను. క్షమించమని అడగాలి."

జయపాల్ ఆటో పక్కకి ఆపాడు.

"ఈస్టర్‌కి ముందే పోయారండీ. దిగులుతో మంచం పట్టి, మళ్ళీ లేవలేదు."

రేణుక కళ్ళు తుడుచుకుంది.

"అసలు ఎవరండీ ఆవిడ? మా ఇంటికే ఎందుకొచ్చేవారు?"

"నన్ను చెప్పొద్దన్నారండీ. 'తెలిస్తే, బిడ్డని ఎత్తుకున్నప్పుడల్లా ఆ పిల్ల కుమిలిపోద్ది' అనేవారు. ఇప్పుడు ఆవిడే లేరు కాబట్టి..."

జయపాల్ వెనక్కి తిరిగాడు.

"ఆ రోజు మీ సందు దగ్గరికొచ్చేసరికే పడవ నిండిపోయిందండీ. ఇంకొకళ్ళు ఎక్కితే తిరగబడుద్దని, ఆపకుండా పోనిస్తున్నా. బాబు ఏడుపు విని ఓ పెద్దాయన, 'వాళ్ళని ఎక్కించుకో, నేను తర్వాత వస్తాలే' అంటూ పక్కనున్న గోడ మీదకి దిగిపోయాడు. మిమ్మల్ని దించి తిరిగొచ్చేసరికి ఆ గోడా లేదు, ఆయనా లేడు."

రేణుక బాబుని గుండెలకి హత్తుకుంది.

"మీరు పడవెక్కేటప్పుడు, వానకి మొహం మీదికి కవరు కప్పుకుని, చేతులు చాచి బాబుని అందుకున్నది ఆయన భార్యేనండీ... తెరేసమ్మగారు."