హీట్ ఎక్స్ఛేంజరుకు పసుపు

"నీళ్ళు దిగవేంటమ్మా లాస్యా?" అని గద్దించారు ఇంజనీరింగ్ కాలేజీ హెచ్చోడీ దత్తాత్రేయులు గారు.

అది లాస్య డిజైన్ చేసి, త్రీడీ ప్రింటర్లో అచ్చు తీయించిన లోహపు హీట్ ఎక్స్ఛేంజర్. లోపలన్నీ చేప మొప్పల్లాంటి సన్నటి దారులు. వాటిలో నీళ్ళు పారితేనే వేడి దిగుతుంది. దిగితేనే గణపవరం అబ్బాయిరాజు గారు తమ ఐసు ఫ్యాక్టరీలో పెట్టుకుంటారు.

"పొద్దున్న పారాయండి. తర్వాతే కదండీ, మీరు పూజ చేయించారు."

"కొత్త మిషనుకు పసుపు రాయరా ఏంటి?"

"కన్నాలన్నిట్లో మెత్తేశారండి."

"కన్నాలు పెద్దవి పెట్టుకోక పసుపునంటావా!"

మిషను చూడ్డానికొచ్చిన అబ్బాయిరాజు గారు నవ్వాపుకున్నారు. "మా ఫ్యాక్టరీలో ప్రతి శుక్రవారం పూస్తారమ్మా. నేనొద్దన్నా మా ఆవిడ వినదు."

లాస్య వాదించబోయి ఆగింది. లాప్‌టాప్ ముందుకు లాక్కుని, డిజైన్ పక్కన అరచేయంత నున్నటి పలకొకటి కలిపింది.

"ఇందులో దారుల్లేవేంటమ్మా?" అన్నారు రాజు గారు.

"ఇది పసుపు, బొట్టు పెట్టుకోడానికండి."

"ఆయ్! అయితే ఇది మా దగ్గర పనిచేస్తుందండి. చేయించెయ్యమ్మా."

దత్తాత్రేయులు గారు కళ్ళజోడు సవరించుకుని తెర మీదికి వంగారు.

"మరి నిమ్మకాయ కట్టడానికి కొక్కెం ఏదీ?"