గుడ్డ చుట్టిన తాడు

కాశయ్య కుక్కకు ఒక్కటే పాడు అలవాటు. తాడు కట్టి నడిపించుకుపోతే ఆ తాడునే కొరుకుతుంది.

మిగతా విషయాల్లో మోతి బంగారం. కోళ్ల జోలికి పోదు, గిన్నెలో మూతి పెట్టదు. కానీ పొద్దున ఆరింటికి కాశయ్య దాన్ని తీసుకుని చెరుకు తోటకు బయలుదేరాడా, కాలువ కట్ట ఎక్కగానే వెనక్కి తిరిగి తాడును పళ్లతో పట్టేస్తుంది. పట్టి ఒకసారి అటు గుంజుతుంది, ఒకసారి ఇటు గుంజుతుంది. డెబ్బై రెండేళ్ల మనిషి దాని వెంట తూలుకుంటూ పోవాలి.

ఎడపల్లిలో ఇది చూడనివాళ్లు లేరు. చూసి ఊరుకున్నవాళ్లూ లేరు.

"మీ బాపును ఆ కుక్క ఎన్నడో ఒకనాడు కాల్వల పడేస్తది రవీందరూ" అంది పక్క చేను హన్మవ్వ. "సూస్తుంటేనే నాకు గుండె దడదడ అంటది."

రవీందర్ గుండె అంతకుముందు నుంచే దడదడలాడుతోంది. నిజాంసాగర్ నీళ్లు వదిలారు. కాలువ అంచుదాకా పారుతోంది. తనేమో ఏడింటికల్లా బండెక్కి నిజామాబాద్ రైస్‌మిల్లు డ్యూటీకి పోవాలి. చేను కౌలుకిద్దాం, ఇంటిపట్టున ఉండమని తండ్రికి చెప్పీ చెప్పీ అతని నోరు నొప్పి పుట్టింది.

"నా కాళ్లు నడిచినన్ని రోజులు చెరుకు నాదే" అనేవాడు కాశయ్య. "ఎన్నడు నడ్వలేనో గా రోజు నీ ఇష్టం."

మొండి మనిషి. రెండేళ్లుగా ఆ మొండితనం మరీ ముదిరింది. పెట్రోలు దండగని మోపెడ్ మూలకు పెట్టాడు. అన్నీ అబద్ధాలే రాస్తున్నారని పేపరు మాన్పించాడు. కుక్కను మాత్రం నెత్తికెక్కించుకున్నాడు. అది తాడు కొరికి తెంపితే తిట్టడు సరికదా, సాయంత్రం అరుగు మీద కూర్చుని జనుముతో కొత్త తాడు పేనేవాడు. దాని నోరు ఒరుసుకుపోకుండా, అది పట్టే చోట పాత పంచె గుడ్డ కూడా చుట్టేవాడు.

"దొంగ చేతికే తాళాలిస్తున్నవ్ మామా" అని కోడలు శ్రీవాణి నవ్వేది.

రవీందర్‌కు నవ్వు రాలేదు. ఒక ఆదివారం తాడు తనే పట్టుకుని మోతిని కట్ట మీదికి తీసుకుపోయాడు. ఎక్కడ కొరుకుతుందో, ఎందుకు కొరుకుతుందో చూద్దామని.

కుక్క తాడు ముట్టలేదు. తోట దాకా పోయి వచ్చినా ముట్టలేదు. బుద్ధిగా పక్కనే నడిచింది.

ఇంటికొచ్చాక అతనికి కోపం ఆగలేదు.

"నా దగ్గర పిల్లిలెక్క ఉన్నది బాపూ! నువ్వు ముసలోనివని దానికి ఎర్కైంది. దాని యేషాలన్నీ నీ దగ్గర్నే!"

కాశయ్య కుక్క తల నిమురుతూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే రవీందర్ బోధన్ పోయి ఇనుప గొలుసు కొనుక్కొచ్చాడు. తాడును తీసి పొయ్యిలో పడేశాడు.

కాశయ్య గొలుసును కొసదాకా తడిమాడు. ముఖం వాడిపోయింది.

"తాడే ఉండనియ్యిరా. గొలుసు దాని నోటికి పట్టది."

"పట్టొద్దనే తెచ్చిన."

"నా మాట ఇనురా రవీ."

"నువ్వే నా మాట ఇను బాపూ. గొలుసుతోని పోతవా, చేను కౌలుకియ్యమంటవా?"

మరునాడు వాళ్ల చేనుకు నీళ్ల వంతు. కాశయ్య చివరికి గొలుసు తీసుకున్నాడు.

సోమవారం ఏడింటికి రవీందర్ బండి బయటికి తీస్తుంటే మోతి ఒక్కటే ఉరికొచ్చింది. మెడకున్న గొలుసు నేల మీద ఈడ్చుకొస్తోంది. మూతి నిండా నెత్తురు.

"అయ్యో, మామను కరిసింది!" శ్రీవాణి కేక పెట్టింది.

ఇద్దరూ కాలువ వైపు పరుగు తీశారు. కట్ట మలుపు దగ్గర, తూము రాళ్ల మీద పడి ఉన్నాడు కాశయ్య. నడుము దాకా నీళ్లే. హన్మవ్వ అతని తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. నుదురు పగిలింది. కాలు విరిగింది. ఒంటి మీద కుక్క పంటిగాటు ఒక్కటీ లేదు, కానీ అప్పుడది పట్టించుకునే తీరిక ఎవరికుంది? ప్రాణం ఉంది, అంతే చాలనుకున్నాడు రవీందర్.

"మోతి ఏదిరా?" అన్నాడు కాశయ్య మొట్టమొదట.

రవీందర్‌కు ఒళ్లు మండిపోయింది. అంబులెన్సు ఎక్కగానే వర్నిలో ఉన్న బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఇయ్యాల్నే వచ్చి గా కుక్కను తీస్కపో. యాడన్న దూరం ఇడిచిపెట్టు. నేను ఇంటికొచ్చేసరికి అది కనపడొద్దు."

కాశయ్య కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. మళ్లీ నోరు మూసుకున్నాడు.

నిజామాబాద్ ఆస్పత్రిలో డాక్టరమ్మ, తలకు దెబ్బ తగిలింది కదా అని ముందు కళ్లు పరీక్షించింది. రెప్ప ఎత్తి టార్చి వేసింది. కుడి కన్ను. ఎడమ కన్ను. మళ్లీ కుడి కన్ను. ముఖం ముందు వేళ్లు ఆడించింది. లోపలికి పోయి ఇంకేదో పరికరం తెచ్చి మరోసారి చూసింది. కాశయ్య తల పక్కకు తిప్పుకున్నాడు.

రవీందర్ మంచం దగ్గరికి జరిగాడు.

"తలకాయల ఏమన్న అయిందా మేడం? అంత ఆ కుక్క చేసిందే. రోజు గిట్లనే గుంజుతది."

డాక్టరమ్మ టార్చి ఆర్పి అతని వైపు వింతగా చూసింది.

"ఇది ఇయ్యాల్టి దెబ్బ కాదయ్యా, ఈయనకు రెండు కండ్లూ పోయి తక్కువల తక్కువ రెండేండ్లు అయింది, ఇన్నొద్దులు పట్టుకొని నడిపించిందెవరు?"