మూడు టెంకలు

పలుగు టక్కున ఆగిపోయింది.

"మేడమ్, టెంక!" అన్నాడు గోవింద్.

ఇసుక చేత్తో తోడి చూశాడు. తాటిటెంకే. దాని కింద జానెడు పొడుగున తేగ, బొద్దుగా ఊరి ఉంది.

ఇంకేముంది! మొక్కలు నాటడానికొచ్చిన ముప్పైమంది కాలేజీ పిల్లలూ మొక్కల సంగతి మరిచి తేగల మీద పడ్డారు.

అనూరాధ టీచరు వద్దనలేదు. ఆవిడ మాత్రం శ్రీకాకుళం మనిషి కాదూ? మార్గశిరంలో తేగ కనిపిస్తే నోరూరకుండా ఎలా ఉంటుంది?

"ఎవరో పాతర వేసి మరిచిపోయుంటారు. కాల్చండర్రా" అంది.

ఇసుక దిబ్బకి పడిన గండి పొడుగునా బారకొకటి చొప్పున దొరుకుతూనే ఉన్నాయి. తేగల పాతర అంటే టెంకలన్నీ ఒక్కచోట గుట్టగా పోసి మట్టి కప్పుతారు. ఇలా ఒక్కొక్కటే ఎడంగా ఎవరు పాతుతారు? ఆ మాట ఒక్కరికీ తోచలేదు. అడిగి తెలుసుకుందామన్నా ఊరంతా వరికోతల్లో ఉంది.

మెట్టపాలెంలో సముద్రానికీ వరిపొలాలకీ మధ్య ఉన్నది ఒక్క ఇసుక దిబ్బే. కిందటేటి తుఫానుకి దానికి గండి పడింది. ఉప్పునీళ్లు దూరి యాభై ఎకరాలు చౌడు చేసిపోయాయి. గండిలో చెట్లు లేచి ఇసుకని పట్టి ఉంచకపోతే, ఇంకో తుఫానుకి మిగతా పొలాలూ ఉండవు.

అందుకే అనూరాధ రెండొందల సరుగుడు మొక్కలు తెచ్చింది. పొద్దున్నే మైకు పట్టుకుని పిల్లలకి చెప్పింది కూడా.

"ఉత్తరంగా చూడండి. ఆ తాటిచెట్లున్నంత మేరా దిబ్బ చెక్కు చెదరలేదు. అది ప్రకృతి కట్టిన గోడ. ఊరివాళ్లకి దాని విలువ తెలీదు. మనమే తెలియజెప్పాలి."

ఏటా ఏ కాలేజీ పిల్లల్ని తెచ్చినా ఆవిడ చెప్పేది అదే.

తేగలు సగం తినేసరికి ఒక ముసలావిడ వచ్చింది. భుజాన ఖాళీ గోనెసంచి. మంట చూసింది. తవ్విన గోతులు చూసింది.

"ఏటి తవ్వినారమ్మా?"

"తేగలు. నీవా అవ్వా?"

"ఎన్ని తవ్వేసినారు?"

"ఉన్నవన్నీ!" అన్నాడు గోవింద్ హుషారుగా.

ముసలావిడ ఇసుకలో చతికిలబడింది.

అనూరాధకి మొహమాటం వేసింది. కాల్చిన తేగ ఒకటి అందించింది.

"తప్పయింది, తెలీక తవ్వేశారు. నువ్వూ తిను."

"నాకు పళ్లెక్కడివి తల్లీ?"

పిల్లలు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. లేచి, పారేసిన టెంకలన్నీ ఒక్కొక్కటే తిరగేసింది. తేగ విరగనివి మూడు దొరికాయి. గండి మధ్యలో చేత్తో ఇసుక తోడి, బారకొకటి పెట్టి, కప్పి తట్టింది.

"అవ్వా, అక్కడ మేం మొక్కలు పెట్టాలి. నీ తేగలు ఇంకోచోట పాతుకోరాదూ?"

"మూడేనమ్మా. మీకడ్డం రావు. ఉండనియ్యండి."

అనూరాధ గోవింద్ వైపు తిరిగింది.

"పళ్లు ఊడినా తేగల యావ మాత్రం పోలేదు చూడు."

ఆ మాట ముసలావిడకి వినపడింది. వెళ్తూ వెళ్తూ ఆగి ఒక్కటే అడిగింది.

"ఎండల్లో మీ మొక్కలకి నీళ్లెవులు పోస్తారు తల్లీ?"

అప్పటికే అందరూ బ్యానరు పట్టుకుని ఫొటోకి నిలబడ్డారు.

ఆషాఢంలో అనూరాధ మళ్లీ వచ్చింది. సరుగుడు మొక్కలు రెండొందలూ ఎండి పుల్లలై ఉన్నాయి. ఒక్కదానికి పచ్చటి కొస లేదు.

గండి మధ్యలో మాత్రం బారకొకటి చొప్పున మూడు ఆకులు, పచ్చగా, కత్తుల్లా లేచి నిలబడ్డాయి.

తినడానికి కాదు! ఆ మహాతల్లి పాతింది తినడానికి కాదు!

దిబ్బ పక్క మడిలో గట్టు చెక్కుతున్న ఊరి రైతు నూకయ్య దగ్గరికి పరుగున వెళ్లింది.

"నూకయ్యగారూ, గోనెసంచితో ఒక ముసలావిడ వచ్చేది, ఎక్కడుంటుంది? కాళ్లు పట్టుకోవాలి. పిల్లలకి ఈసారి ఆవిడ చేతే చెప్పించాలి."

"జగ్గమ్మా? మాగమాసంలో పోనాదమ్మా."

అనూరాధ వెనక్కి తిరిగి ఆ మూడు ఆకులకేసి చూసింది.

"ఆయమ్మది మా ఊరు కాదు" అన్నాడు నూకయ్య. "శ్రీకూర్మం అవతల. మొగుడూ పెళ్లాం ఇక్కడికి కోతలకొచ్చినారు. తుఫానొచ్చి, ఈ దిబ్బ తెగి, మొగుడు కొట్టుకుపోనాడు. నలబయ్యేళ్లయినాది. ఈ ఊళ్లో సెంటు బూమి లేదు, సుట్టాల్లేరు. అయినా టెంకలు మోసుకొచ్చి పాతీది. కిందటేడు ఈ గండిలో రెండొందలు పాతినాది. ఏటయినాదో గానీ, మూడే లేసినాయి."

ఏమైందో అనూరాధకి తెలుసు.

"ఇన్నేళ్లుగా వస్తున్నాను. ఆవిడ గురించి నాకెవరూ చెప్పలేదేం?"

"మీరు సెప్పడానికొస్తారు గానీ, అడగరు గదమ్మా" అన్నాడు నూకయ్య. ఆ మాటలో నిష్ఠూరం లేదు.

పార గట్టు మీద పెట్టి, ఉత్తరం వైపు చెయ్యి చూపించాడు.

"ప్రకృతి కట్టిన గోడని మైకులో సెప్తారు సూడండి, ఆ తాటిసెట్లన్నీ జగ్గమ్మ పాతినయ్యే."